ఒకే యూరో, ఇరవై ఒక్క ఖజానాలు

2022 జులై 21న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన సమావేశం తర్వాత యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ (ఈసీబీ) రెండు నిర్ణయాలు ప్రకటించింది. మొదటిది, పదకొండేళ్ల తర్వాత తొలిసారి వడ్డీ రేట్లు పెంచడం, అదీ ఒక్కసారే అర శాతం. రెండోది ఒక కొత్త పథకం: ఏదైనా సభ్యదేశం బాండ్లను (ప్రభుత్వం అప్పు తెచ్చుకుంటూ రాసిచ్చే పత్రాలను) మార్కెట్ సరైన కారణం లేకుండా అమ్మేసుకుంటుంటే, వాటిని తానే రంగంలోకి దిగి కొంటానన్న హామీ. దాని పేరు ట్రాన్స్‌మిషన్ ప్రొటెక్షన్ ఇన్‌స్ట్రుమెంట్, పొట్టిగా టీపీఐ. మొదటి నిర్ణయంతో అందరికీ అప్పు ప్రియమవుతుంది. రెండోది కొందరికి మరీ ప్రియం కాకుండా చూస్తుంది. పైకి ఒకదానికొకటి పొసగని పనుల్లా కనిపిస్తాయి. ఈ రెంటినీ ఒకే రోజు ఎందుకు ప్రకటించాల్సి వచ్చిందో తెలిస్తే యూరో కష్టాల్లో సగం తెలిసినట్టే.

1999 జనవరి 1న 11 దేశాలతో మొదలైన యూరోలో 2023లో క్రొయేషియా, 2026 జనవరి 1న బల్గేరియా చేరడంతో సభ్యుల సంఖ్య 21కి పెరిగింది. దాదాపు 35 కోట్ల మంది వాడే ఈ కరెన్సీకి వడ్డీ రేటు నిర్ణయించేది ఒకే సంస్థ, ఈసీబీ. కానీ పన్నులు ఎంత వేయాలి, పింఛన్లు ఎంత ఇవ్వాలి, సైన్యానికి ఎంత ఖర్చు పెట్టాలి, దీనికంతా ఎంత అప్పు చేయాలి అన్నవి 21 పార్లమెంట్లు విడివిడిగా తేల్చుకుంటాయి. అమెరికాలోనూ రాష్ట్రాలకు సొంత బడ్జెట్లు ఉన్నాయి. అయితే అక్కడ జీడీపీలో 20 శాతానికి పైగా ఖర్చు పెట్టే ఫెడరల్ ప్రభుత్వం ఒకటి పైన ఉంటుంది. ఒక రాష్ట్రం దెబ్బతింటే అక్కడి నుంచి వాషింగ్టన్‌కు పోయే పన్నులు వాటంతటవే తగ్గుతాయి, వాషింగ్టన్ నుంచి వచ్చే సాయం పెరుగుతుంది. యూరోపియన్ యూనియన్ బడ్జెట్ అంతా కలిపినా సభ్యదేశాల ఆదాయంలో 1 శాతం చుట్టూ తిరుగుతుంది. అందులోంచి ఏ దేశాన్నీ గట్టెక్కించడం కుదిరే పని కాదు.

ముందు వడ్డీ రేటు సంగతి. యూరో ప్రాంతంలో ద్రవ్యోల్బణం 2022 అక్టోబరులో 10.6 శాతానికి చేరింది. అంతకుముందు ఎన్నడూ లేనంత. అయితే అది సగటు. అదే ఏడాది ఆగస్టులో ఎస్టోనియాలో ధరలు 25 శాతానికి పైగా పెరిగితే, ఫ్రాన్స్‌లో పెరుగుదల 7 శాతం లోపే ఉంది. రష్యా గ్యాస్ షాక్ ఇద్దరికీ తగిలింది. కానీ ఫ్రెంచి ప్రభుత్వం గ్యాస్ ధరను 2021 శరత్కాలం నాటి స్థాయిలో ఆపేసి, 2022లో కరెంటు చార్జీల పెంపును 4 శాతానికి పరిమితం చేసి, తేడాను ఖజానా నుంచి భరించింది. ఎస్టోనియాలో మార్కెట్ ధర బిల్లుల మీదికి చాలావరకు నేరుగా వచ్చి పడింది. అంటే ద్రవ్యోల్బణం అంకె కూడా కొంతవరకు బడ్జెట్ నిర్ణయమే. ఫ్రాన్స్ తన అంకెను డబ్బు పెట్టి తగ్గించుకుంది. ఆ బిల్లు ఇప్పటికీ దాని అప్పుల పద్దులో ఉంది.

ఈసీబీ లక్ష్యం యూరో ప్రాంతమంతటికీ కలిపి 2 శాతం. బ్యాంకులు తన దగ్గర ఉంచే డిపాజిట్ల మీద ఇచ్చే రేటును మైనస్ అర శాతం నుంచి, పది విడతల్లో, 2023 సెప్టెంబరు నాటికి 4 శాతానికి తీసుకెళ్లింది. ఆ తర్వాత ఎనిమిది విడతల్లో తగ్గిస్తూ 2025 జూన్‌లో 2 శాతానికి దించింది. సగటు చూస్తే పని బాగానే చేసినట్టు. కానీ 2025 వేసవిలో ఫ్రాన్స్ ద్రవ్యోల్బణం 1 శాతం లోపు ఉంటే ఎస్టోనియాది 5 శాతం పైన ఉంది. అదే 2 శాతం వడ్డీ, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, పారిస్‌లో 1 శాతానికి పైబడిన నిజమైన భారం. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో మాత్రం మైనస్ 3 శాతం, అంటే అప్పు చేసినవాడికి లాభం. ధరలు మండుతున్న చోట డబ్బు చౌక, చల్లారిన చోట ప్రియం. ఏ దేశానికి ఏది కావాలో సరిగ్గా దానికి ఎదురు దొరుకుతుంది. ఎస్టోనియా ఆర్థిక వ్యవస్థ యూరో ప్రాంతంలో 1 శాతం కూడా లేదు కాబట్టి సగటులో దాని గొంతు వినపడదు.

వడ్డీ పెంచినప్పుడు దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. స్పెయిన్‌లో గృహరుణాల్లో పెద్ద భాగం చాలాకాలంగా 12 నెలల యూరిబార్ రేటుకు (యూరప్ బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే రేటుకు) ముడిపడి ఉంటోంది. యూరిబార్ మీద 1 శాతం అదనంగా, 25 ఏళ్లకు లక్షన్నర యూరోల అప్పు తీసుకున్న కుటుంబాన్ని ఊహించండి. 2021 చివర్లో యూరిబార్ మైనస్ 0.5 దగ్గర ఉంది. అంటే వడ్డీ 0.5 శాతం, నెల వాయిదా దాదాపు 532 యూరోలు. 2023 అక్టోబరులో యూరిబార్ 4.16కి చేరింది. అప్పుడు అదే అప్పుకు వాయిదా 890 యూరోలు దాటుతుంది. నెలకు 360 యూరోలు గాలిలో కలిసిపోయాయి. ఫ్రాన్స్‌లో గృహరుణాలు దాదాపు అన్నీ మొదట రాసుకున్న వడ్డీతోనే చివరిదాకా నడుస్తాయి. 2021లో అప్పు తీసుకున్న ఫ్రెంచి కుటుంబానికి ఈసీబీ రేట్లు పెంచిన సంగతి వార్తల్లో తప్ప వాయిదాలో కనిపించదు. కొత్తగా ఇల్లు కొనాలనుకున్నవాళ్లు మాత్రం ఆగిపోయారు. మందు ఒకటే అయినా ఒక చోట నెలల్లో పనిచేసింది, ఇంకో చోట ఏళ్లు పట్టింది.

ఈ సమస్య కొత్తది కాదు. 2003 జూన్ నుంచి 2005 డిసెంబరు దాకా ఈసీబీ కీలక రేటు 2 శాతం దగ్గర కదలకుండా ఉంది. అప్పట్లో నీరసంగా ఉన్న జర్మనీకి అది సరిపోయింది. ధరలు 3 శాతం చొప్పున పెరుగుతున్న స్పెయిన్‌లో మాత్రం అది దాదాపు ఊరికే ఇచ్చిన డబ్బు. ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. స్పెయిన్, ఐర్లాండ్ ప్రభుత్వాలు అప్పటికి బుద్ధిగా ఉన్నాయన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం. 2007లో స్పెయిన్ బడ్జెట్ మిగులులో ఉంది, అప్పు జీడీపీలో 36 శాతం మాత్రమే. ఐర్లాండ్ అప్పు అంతకన్నా తక్కువ. బుడగ పగిలి బ్యాంకులు కూలాక ఆ నష్టం ప్రభుత్వాల నెత్తిన పడింది. యూరో సంక్షోభం గురించి ‘‘సోమరి దక్షిణాది, పొదుపరి ఉత్తరాది’’ అని చెప్పుకునే కథ గ్రీసుకు కొంత వర్తిస్తుందేమో గానీ, ఈ రెండు దేశాలకు అస్సలు వర్తించదు. వాటి పాపం బడ్జెట్లో లేదు, బ్యాంకుల్లో ఉంది.

రేటు చేతిలో లేదు, సొంత కరెన్సీ విలువ తగ్గించుకునే దారి లేదు. మిగిలింది బడ్జెట్. ఒక దేశం మాంద్యంలో ఉన్నప్పుడు ఖర్చు పెంచి, బాగున్నప్పుడు వెనక్కి తీసుకోవడం, అంతే. దాన్ని హద్దులో ఉంచడానికి 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందం రెండు గీతలు గీసింది: బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, మొత్తం అప్పు 60 శాతం దాటకూడదు.

ఈ అంకెల వెనక లెక్క చిన్నదే. అప్పు 60 ఉండి, జీడీపీ ధరల పెరుగుదలతో సహా ఏటా 5 శాతం పెరుగుతుంటే, ఏటా 3 శాతం లోటు నడిపినా అప్పు 60 దగ్గరే నిలుస్తుంది. 60లో 5 శాతం 3 కదా. తొంభైల మొదట్లో 5 శాతం పెరుగుదల నమ్మశక్యమైన అంకె. ఇప్పుడు చాలా దేశాలకు 3 శాతం వస్తే గొప్ప. ఇంకో తమాషా కూడా ఉంది. 3 శాతం అన్న అంకె అసలు పుట్టింది పారిస్‌లో. 1981లో అధ్యక్షుడు మిత్తరాన్ ప్రభుత్వం మంత్రుల ఖర్చులకు కళ్లెం వేయడానికి ఒక సులువైన గీత కావాలంటే, బడ్జెట్ శాఖలోని యువ అధికారులు హడావుడిగా తయారుచేసి ఇచ్చిన అంకె అది. దానికి ఆర్థికశాస్త్రంలో గట్టి పునాది ఏమీ లేదు. పదేళ్లకు అది యూరప్ అంతటికీ శాసనమైంది.

శాసనమైంది గానీ అమలు అంతంతమాత్రమే. 2003 నవంబరులో జర్మనీ, ఫ్రాన్స్ రెండూ గీత దాటితే, వాటి మీద చర్య తీసుకోవాల్సిన ఆర్థిక మంత్రుల మండలి ఆ ప్రక్రియనే ఆపేసింది. 2016లో స్పెయిన్, పోర్చుగల్‌కు జరిమానా వేయాల్సి వచ్చినప్పుడు ఆ జరిమానాను సున్నాగా ఖరారు చేశారు. అదే ఏడాది, యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాన్-క్లోడ్ యుంకర్‌ను ఫ్రాన్స్ పట్ల ఇంత మెతకదనం ఎందుకని అడిగితే, అది ఫ్రాన్స్ కాబట్టి అన్నాడు. నిజాయితీగా చెప్పినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. కానీ చిన్న దేశాల్లో ఆ మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

2024 ఏప్రిల్ 30 నుంచి నిబంధనలు మారాయి. ఇప్పుడు ప్రతి దేశమూ నాలుగేళ్ల ప్రణాళిక ఇవ్వాలి. సంస్కరణలు చేస్తానంటే ఏడేళ్ల దాకా గడువు. చూసే కొలబద్ద ప్రధానంగా ఒక్కటే, ప్రభుత్వ నికర వ్యయం ఎంత వేగంగా పెరుగుతోందన్నది. అప్పు 90 శాతం దాటిన దేశాలు సగటున ఏటా 1 శాతం చొప్పున, 60కీ 90కీ మధ్య ఉన్నవి అర శాతం చొప్పున తగ్గించుకోవాలి. పాత వాటికన్నా ఇవి మెరుగే, ఎందుకంటే వ్యయం ప్రభుత్వం చేతిలో ఉంటుంది, లోటు పూర్తిగా ఉండదు. పన్ను రాబడి పడిపోయిన ఏడాది లోటు పెరగడం ప్రభుత్వం తప్పు కాదు కదా. అయితే కొత్త నిబంధనలు ఊపిరి పోసుకోకముందే మినహాయింపులు మొదలయ్యాయి. రక్షణ ఖర్చు కోసం ఏటా జీడీపీలో 1.5 శాతం దాకా, నాలుగేళ్లపాటు గీత దాటవచ్చని 2025లో వెసులుబాటు ఇచ్చారు. ఉక్రెయిన్ యుద్ధం, అమెరికా మీద సడలిన నమ్మకం చూస్తే ఆ ఖర్చు తప్పనిసరే. కానీ ఏ కారణంతో చేసినా అప్పు అప్పే, వడ్డీ కట్టాల్సిందే.

మామూలుగా ఒక దేశం బడ్జెట్ మీద నమ్మకం పోతే మొదట దాని కరెన్సీ పడుతుంది. యూరోలో ఆ దారి మూసుకుపోయింది కాబట్టి ఒత్తిడంతా బాండ్లలో తేలుతుంది. బాండ్ రాబడి అంటే మార్కెట్ ఆ దేశానికి అప్పివ్వడానికి అడిగే వడ్డీ. ఒక దేశపు పదేళ్ల బాండ్ రాబడికీ, జర్మనీ బాండ్ రాబడికీ మధ్య ఉన్న తేడాను స్ప్రెడ్ అంటారు. యూరో రాజకీయాలను కొన్నిసార్లు పార్లమెంట్లకన్నా ఈ అంకె ఎక్కువగా శాసించింది. 2012 జులైలో స్పెయిన్ పదేళ్ల అప్పుకు 7 శాతానికి పైగా వడ్డీ అడిగారు. ఆ నెల 26న లండన్‌లో ఈసీబీ అధ్యక్షుడు మారియో ద్రాగి, యూరోను కాపాడటానికి ఎంత దూరమైనా వెళ్తామని ప్రకటించాడు. సెప్టెంబరులో దానికో పథకం రూపం వచ్చింది. ఆ పథకం కింద ఒక్క బాండ్ కూడా కొనలేదు. మాటతోనే రాబడులు దిగాయి.

మాటకు ఎంత బలముందో రివర్సులో తెలిసింది 2020 మార్చి 12న. కోవిడ్ ఇటలీని ముంచెత్తుతున్న రోజులు. విలేకరుల సమావేశంలో కొత్త అధ్యక్షురాలు క్రిస్టీన్ లగార్డ్, స్ప్రెడ్లు తగ్గించడం తమ పని కాదని అనేసింది. చట్టం ప్రకారం చూస్తే తప్పేమీ లేదు. ఇటలీ బాండ్లు అక్కడికక్కడే కుప్పకూలాయి, మిలాన్ స్టాక్ మార్కెట్ ఆ ఒక్క రోజులోనే 17 శాతం దాకా పడింది. సాయంత్రానికల్లా ఆమె వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆరు రోజుల తర్వాత ఈసీబీ 75,000 కోట్ల యూరోల అత్యవసర బాండ్ల కొనుగోలు ప్రకటించింది. అది పెరుగుతూ పోయి 1.85 లక్షల కోట్లకు చేరింది. స్ప్రెడ్లు తగ్గించడం ఎవరి పనో ఆ వారంలో అందరికీ అర్థమైంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒప్పందంలోని 123వ అధికరణం ప్రభుత్వాలకు ఈసీబీ నేరుగా అప్పు ఇవ్వకూడదంటుంది. 125వది ఒక దేశం అప్పుకు ఇంకో దేశం పూచీ కాదంటుంది. పైన ఉమ్మడి ఖజానా లేదు. అందువల్ల సంక్షోభం వచ్చిన ప్రతిసారీ, ఎన్నిక కాని సెంట్రల్ బ్యాంకర్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తోంది: ఫలానా దేశానికి మార్కెట్ వేస్తున్న శిక్ష న్యాయమైనదా, కాదా? అది రాజకీయ ప్రశ్న. ఈసీబీ దాన్ని కోరి నెత్తికెత్తుకోలేదు. రాజకీయ నాయకులు వదిలేస్తే వచ్చి దాని ఒళ్లో పడింది.

ఆ జవాబు టీపీఐ షరతుల్లో ఎలా రాశారో చూడండి. మార్కెట్లో కదలిక ‘‘అనుచితం, అస్తవ్యస్తం’’ అయి ఉండాలి. దేశం నాలుగు పరీక్షలు నెగ్గాలి. వాటిలో మొదటిది యూరప్ బడ్జెట్ నిబంధనలు పాటించడం. ఆ దేశం మీద అధిక లోటు చర్య (లోటు గీత దాటినందుకు యూనియన్ పెట్టే పర్యవేక్షణ) ఉండకూడదు, ‘‘లేదా’’ అందులో ఇచ్చిన సూచనలను అమలు చేయడంలో విఫలమైనట్టు తేలి ఉండకూడదు. ఆ ‘‘లేదా’’ ఊరికే రాయలేదు. దాని మీదే పెద్ద దేశాల భవిష్యత్తు ఆధారపడి ఉండొచ్చు. పైగా ఈ పరీక్షల ఫలితాలు నిర్ణయానికి ఒక ఆధారం మాత్రమేనట, అంతిమ తీర్పు ఈసీబీలో నిర్ణయాలు తీసుకునే గవర్నింగ్ కౌన్సిల్‌దే. ఎంత కొంటారన్న పరిమితి ముందే చెప్పలేదు. కావాలనే ఇంత సందిగ్ధంగా రాశారు. స్పష్టంగా రాస్తే మార్కెట్ ఆ గీత దాకా వెళ్లి పరీక్షిస్తుంది. మరీ అస్పష్టమైతే ఎవరూ నమ్మరు.

ఈ షరతులు రాసినప్పుడు అందరి మనసులో ఉన్నది ఇటలీ. తీరా చూస్తే ఇప్పుడు ఆ కుర్చీలో ఫ్రాన్స్ కూర్చుంది. 2024లో దాని లోటు జీడీపీలో 5.8 శాతం, అప్పు 113 శాతం. ఇందాకటి లెక్క మళ్లీ వేస్తే, జీడీపీ 3 శాతం పెరిగితే 113 దగ్గర అప్పును నిలబెట్టడానికి లోటు 3.4 శాతం మించకూడదు. ఫ్రాన్స్ అందుకు చాలా దూరంలో ఉంది. ఆ దేశం బడ్జెట్‌ను చివరిసారి సమతూకంలో పెట్టింది 1974లో. 2024 జులైలో ఇటలీ, బెల్జియం తదితర దేశాలతో పాటు దాని మీదా అధిక లోటు చర్య మొదలైంది. అదే వేసవి ఎన్నికలతో పార్లమెంటు మూడు ముక్కలైంది. డిసెంబరులో ప్రధాని మిషెల్ బార్నియే ప్రభుత్వం బడ్జెట్ మీదే పడిపోయింది. తర్వాత వచ్చిన ప్రధాని ఫ్రాన్స్వా బేరూ 4,400 కోట్ల యూరోల పొదుపు ప్రతిపాదించాడు. అందులో రెండు ప్రభుత్వ సెలవు దినాల రద్దు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 8న విశ్వాస పరీక్షలో ఓడిపోయాడు. నాలుగు రోజులకే, అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే ఫిచ్ సంస్థ ఫ్రాన్స్ రేటింగ్ తగ్గించింది. ఆ నెలలో ఫ్రాన్స్ పదేళ్ల అప్పుకు కడుతున్న వడ్డీ ఇటలీ వడ్డీతో సమానమైంది. పదేళ్ల కింద ఎవరైనా ఈ మాట అని ఉంటే నవ్వేవాళ్లు.

అటు గ్రీసు అప్పు 2020లో జీడీపీలో 200 శాతం దాటింది, 2024కి 154 శాతం దగ్గరికి వచ్చింది. బడ్జెట్ మిగులులో ఉంది. పోర్చుగల్ కూడా అంతే. దీన్ని పొదుపు విజయగాథగా చెప్పేవాళ్లు రెండు సంగతులు దాటేస్తారు. గ్రీసు అప్పులో పెద్ద భాగం యూరప్ సంస్థలకు ఉన్నదే, దీర్ఘకాలం, తక్కువ వడ్డీ. అంటే మార్కెట్ రేట్లు పెరిగినా దానికి సెగ అంతగా తగల్లేదు. రెండోది, ద్రవ్యోల్బణం జీడీపీ అంకెను ఉబ్బించడంతో నిష్పత్తి దానంతటదే పడిపోయింది. దానికి ముందు ఆ దేశం తన ఆర్థిక వ్యవస్థలో పాతిక శాతం పోగొట్టుకున్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఫ్రాన్స్ బాండ్లు నిజంగా జారిపోతే ఈసీబీ ఏం చేస్తుంది? లోటు అదుపు తప్పింది దేశ రాజకీయాల వల్లే కాబట్టి మార్కెట్ శిక్ష ‘‘అనుచితం’’ అనడం కష్టం. అలాగని యూరో ప్రాంతంలో రెండో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థను వదిలేయడం అంతకన్నా కష్టం. గ్రీసును ఆదుకున్న యూరో దేశాల ఉమ్మడి సహాయ నిధి, యూరోపియన్ స్టెబిలిటీ మెకానిజం దగ్గర అప్పిచ్చే శక్తి మొత్తం 50,000 కోట్ల యూరోలు. 2024 చివరికి ఫ్రాన్స్ అప్పు 3.3 లక్షల కోట్లు. ఫ్రాన్స్ ఇంత పెద్దది కావడమే దానికి రక్ష, మిగతావాళ్లకు టెన్షన్.

ఇక జర్మనీ. 2009 నుంచి రాజ్యాంగంలోనే అప్పుల కళ్లెం (ప్రభుత్వం ఎంత అప్పు చేయవచ్చన్న పరిమితి) పెట్టుకున్న దేశం. 2023 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 6,000 కోట్ల యూరోలను ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మళ్లించడం చెల్లదంటే సంకీర్ణ ప్రభుత్వమే కుదేలైంది. అలాంటి దేశం 2025 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించి, రక్షణ ఖర్చులో జీడీపీలో 1 శాతం దాటిన భాగాన్ని కళ్లెం నుంచి తప్పించింది. రోడ్లు, రైళ్లు, ఇతర మౌలిక వసతులకు 50,000 కోట్ల యూరోల నిధి పెట్టింది. ఆ సంగతి బయటికొచ్చాక మార్చి 5న జర్మన్ పదేళ్ల బాండ్ రాబడి ఒక్క రోజులో దాదాపు 0.3 శాతం ఎగిసింది. మూడు దశాబ్దాల్లో అంత పెద్ద పెంపు లేదు. వెంటనే ఫ్రాన్స్, ఇటలీ రాబడులూ పెరిగాయి. జర్మనీ ఖర్చు పెట్టాలని ఏళ్లుగా అడుగుతున్నది ఈ దేశాలే. ఖర్చు పెట్టడం మొదలవగానే వడ్డీ భారం వాళ్ల మీదా పడింది. జర్మనీకి అప్పు చేసే వెసులుబాటు ఉంది, దాని అప్పు 60 శాతానికి కాస్త పైన మాత్రమే. వడ్డీకే జీడీపీలో దాదాపు 4 శాతం పోసే ఇటలీకి ఆ వెసులుబాటు లేదు.

ఇదంతా ఈసీబీ కొనుగోలుదారుగా తప్పుకుంటున్న సమయంలో జరుగుతోంది. పాత కార్యక్రమం కింద కొన్న బాండ్లు గడువు తీరినప్పుడు ఆ డబ్బుతో మళ్లీ కొనడం 2023 జులైలో, కోవిడ్ కాలపు కార్యక్రమం కింద 2024 చివరికి ఆపేసింది. ప్రభుత్వాలు ఎక్కువ అమ్మాల్సిన రోజుల్లో అతిపెద్ద కొనుగోలుదారు బజారు నుంచి వెళ్లిపోయాడు. కొన్నవాటి మీద నష్టం కూడా మిగిలింది. దాదాపు సున్నా రాబడికి కొన్న బాండ్లు చేతిలో పెట్టుకుని, బ్యాంకుల డిపాజిట్లకు 4 శాతం దాకా ఇవ్వాల్సి రావడంతో 2024లో ఈసీబీ 790 కోట్ల యూరోలు, జర్మనీ సెంట్రల్ బ్యాంకు అయిన బుండెస్‌బ్యాంక్ 1,920 కోట్ల యూరోలు నష్టపోయాయి. సెంట్రల్ బ్యాంకు దివాలా తీయదు. కానీ ఖజానాకు ఏటా రావాల్సిన లాభం రాకుండా పోతే బడ్జెట్లో ఆ చిల్లు ఎక్కడో ఒక చోట పూడ్చుకోవాలి.

బ్యాంకుల సంగతి చిన్నగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే పదేళ్లుగా అందులో కదలిక లేదు. 2015 జూన్ 29న గ్రీసులో బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలకు మించి తీసుకోనివ్వలేదు. అంతకుముందు రోజు గ్రీకు బ్యాంకులకు ఇచ్చే అత్యవసర నగదును ఇక పెంచేది లేదని ఈసీబీ తేల్చింది. ఏథెన్స్ బ్యాంకులో ఉన్న యూరో, హెల్సింకి బ్యాంకులో ఉన్న యూరో ఒకటి కాదని జనానికి ఆ క్యూలలో తెలిసింది. దీనికి విరుగుడుగా అదే ఏడాది నవంబరులో కమిషన్ ఉమ్మడి డిపాజిట్ బీమా ప్రతిపాదించింది. ముందు మీ బ్యాంకులు తమ ప్రభుత్వ బాండ్లను అతిగా పోగేయడం మానాలని ఉత్తరాది, ముందు బీమా ఇవ్వండని దక్షిణాది. ఇంకా అక్కడే ఉంది.

ఉమ్మడి ఖజానా దిశగా నిజంగా పడిన అడుగు ఒక్కటే. 2020 జులైలో నాయకులు నాలుగు రోజులు కూర్చుని, 2018 ధరల్లో 75,000 కోట్ల యూరోల కోవిడ్ నిధికి ఒప్పుకున్నారు. యూనియన్ తన పేరు మీద అప్పు చేసి దేశాలకు పంచింది. సగం దాకా గ్రాంటుగా, మిగతాది రుణంగా. అందులో అందరికన్నా ఎక్కువ, 19,400 కోట్లు, ఇటలీకి కేటాయించారు. ఆ ప్రకటనతో స్ప్రెడ్లు ఎంత సర్దుకున్నాయంటే, ఈసీబీ మీద ఒత్తిడి అప్పుడే నిజంగా తగ్గింది. ఖజానా తన పని చేస్తే సెంట్రల్ బ్యాంకు తన పని చేసుకోగలదన్నదానికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు.

కానీ దాన్ని ఒక్కసారికే అన్నారు. దేశాలు పనులు పూర్తి చేయాల్సిన గడువు 2026 ఆగస్టు. ఆ తర్వాత అలాంటిది ఇంకోటి సిద్ధంగా లేదు. రక్షణ కోసం 2025లో పెట్టిన 15,000 కోట్ల యూరోల పథకం ఉమ్మడిగా తెచ్చిన అప్పే అయినా, అందులో గ్రాంటు లేదు, అంతా రుణమే. అప్పుల్లో మునిగిన దేశానికి ఇంకో అప్పు. 2028 నుంచి కోవిడ్ నిధి అసలు తీర్చడం మొదలుపెట్టి 2058 లోపు ముగించాలి. దానికి యూనియన్‌కు సొంత పన్నులు కావాలని కమిషన్ అడుగుతూనే ఉంది. కార్బన్ సుంకం అన్నారు, పెద్ద కంపెనీల మీద రుసుం అన్నారు. దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకుంటే తప్ప ఏదీ కుదరదు, ఇంతవరకు ఒప్పుకోలేదు. కుదరకపోతే ఆ డబ్బు యూనియన్ బడ్జెట్లో కోత పెట్టి తేవాలి, లేదంటే సభ్యదేశాలు తమ వాటాలు పెంచాలి. ఆ వాటాల మీద మాట్లాడాల్సిన పెద్ద దేశాల్లో ఒకటైన ఫ్రాన్స్‌కు, సరిగ్గా ఆ చెల్లింపులు మొదలయ్యే ముందటి ఏడాదే, 2027 వసంతంలో అధ్యక్ష ఎన్నికలున్నాయి.